క్యాబినెట్‌లో గాలికి దారి: గేమింగ్ కంప్యూటర్ ఫ్యాన్ల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండలు ముదిరే కొద్దీ గేమింగ్ కంప్యూటర్ల వేడి గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి గోదావరి జిల్లాల నుంచే ఎక్కువ వచ్చాయి. కోనసీమ ఉక్కపోతలో, నరసాపురం ఉప్పుగాలిలో, కొబ్బరి పీచు ధూళి మధ్య కంప్యూటర్ వాడేవారి ఇబ్బందులు వేరుగా ఉంటాయి కనుక ఆ ఉత్తరాలనే ఎంచుకొని ఒకచోట జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నేను అమలాపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటర్ కట్టించుకున్నాను. క్యాబినెట్ (భాగాలన్నీ అమర్చే పెట్టె) ముందువైపు పూర్తిగా అద్దమే. ముందు మూడు ఫ్యాన్లు, వెనుక ఒకటి ఉన్నాయి. మధ్యాహ్నం పూట ఆట మొదలుపెట్టిన అరగంటకే కార్డు 84 డిగ్రీలకు, ప్రాసెసర్ 88 డిగ్రీలకు చేరి, ఆట తడబడుతోంది. పైన మూడు, కింద మూడు, మొత్తం ఆరు ఫ్యాన్లు అదనంగా పెట్టించమని షాపులో చెబుతున్నారు. పెట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే పెట్టించవద్దు. డబ్బు ఖర్చు చేసే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. గదిలో ఒక మామూలు థర్మామీటరు ఉంచి గది ఉష్ణోగ్రత రాసుకోండి. క్యాబినెట్ అన్ని తలుపులూ మూసి ఉండగా ఒకే ఆటను, అదే దృశ్యం దగ్గర, 30 నిమిషాలు ఆడి ప్రాసెసర్, కార్డుల ఉష్ణోగ్రతలు రాసుకోండి. తరువాత పక్క తలుపు తీసేసి, గది వేడి మారక ముందే, మళ్లీ అదే ఆటను అంతసేపే ఆడండి. ఉష్ణోగ్రతలు ఏడెనిమిది డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే, క్యాబినెట్‌లోకి చల్లని గాలి చాలినంత రావడం లేదని అర్థం. రెండు మూడు డిగ్రీలే తగ్గితే క్యాబినెట్ ఫ్యాన్ల మీద ఎంత ఖర్చు పెట్టినా ఫలితం ఉండదు; వేడి ప్రాసెసర్ కూలర్ దగ్గరో, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయిన చోటో, దుమ్ము పేరుకున్న కార్డు రెక్కల దగ్గరో ఆగిపోతోందన్నమాట.

మీ విషయంలో మొదటిదే నిజమని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే అనుమానం ఫ్యాన్ల లెక్క మీద కాదు, ఆ అద్దం మీదకు పోతుంది. అద్దం వెనుక మూడు ఫ్యాన్లు ఎంత వేగంగా తిరిగినా అవి పీల్చుకునే గాలి అద్దం పక్కనున్న సన్నని సందుల్లోంచే రావాలి. మన పాత మండువా ఇళ్లలో వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం ఎందుకు పెట్టేవారో పెద్దవారిని అడగండి. వీధి తలుపు మూసి పెరటి తలుపు తీస్తే ఇంట్లోకి గాలి రాదు. మీ క్యాబినెట్‌లో జరుగుతున్నది అదే. ముందు అద్దం తీసేసి ఒకసారి ఆడి చూడండి. పక్క తలుపు తీసినప్పుడు ఎంత తగ్గిందో దాదాపు అంతే తగ్గితే, ఆరు ఫ్యాన్ల డబ్బుతో ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ కొనుక్కోవడం నూటికి నూరుపాళ్లు మేలు.

ఫ్యాన్ల సంఖ్యకు ఒక లెక్క ఉంది, అది తెలుసుకుంటే ఏ షాపులో ఏమి చెప్పినా మీరే తూచుకోగలరు. ఆట ఆడేటప్పుడు మీ కార్డు 170 వాట్ల దాకా, ప్రాసెసర్ సుమారు 60, 70 వాట్లు, మిగతా భాగాలు మరికొంత తీసుకుంటాయి; మొత్తం 300 వాట్లు అనుకుందాం. కంప్యూటర్ తీసుకున్న కరెంటు అంతా చివరికి వేడిగానే మారుతుంది. నిమిషానికి ఒక ఘనపుటడుగు గాలి, దీనినే సీఎఫ్‌ఎం అంటారు, ఒక డిగ్రీ వేడెక్కుతూ సుమారు 0.57 వాట్ల వేడిని మోసుకుపోతుంది. కాబట్టి లోపలి గాలి గది కంటే 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉండాలంటే 300 వాట్లకు దాదాపు 53 సీఎఫ్‌ఎం గాలి నిజంగా లోపలి నుంచి బయటకు సాగాలి. దానిని 5 డిగ్రీలకు తగ్గించాలంటే 105, రెండున్నర డిగ్రీలకు తగ్గించాలంటే 210 కావాలి. గమనించారా? మొదటిసారి గాలి రెట్టింపు చేస్తే 5 డిగ్రీలు దక్కాయి, రెండోసారి రెట్టింపు చేస్తే రెండున్నరే దక్కాయి. నాలుగు ఫ్యాన్లను పది చేస్తే వేడి తగ్గే దానికంటే మోత పెరిగేదే ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి గాలి గది గాలి కంటే చల్లబడదు; రోహిణి కార్తెలో గది 38 డిగ్రీలుంటే అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది. అందుకే ఉష్ణోగ్రతను ఒక అంకెగా కాక, గది కంటే ఎంత ఎక్కువ అన్న తేడాగా రాసుకోవడం అలవాటు చేసుకోండి. డిసెంబరులో 72, మేలో 84 కనిపిస్తే కంప్యూటర్ పాడవుతోందని కంగారుపడే వారిలో చాలామందికి ఆ తేడా రెండు నెలల్లోనూ ఒకటేనని తెలియదు.

జాలీ క్యాబినెట్ తీసుకున్నాక అమరిక ఇలా ఉంటే చాలు: ముందువైపు రెండు లేక మూడు ఫ్యాన్లు గాలిని లోపలికి తీసుకోవాలి, వెనుక ఒకటి, పైభాగంలో వెనుక చివర ఒకటి బయటకు పంపాలి. పైభాగంలో ముందు చివర మాత్రం గాలిని బయటకు పంపే ఫ్యాన్ పెట్టించవద్దు. ముందు నుంచి వచ్చిన చల్లని గాలి ప్రాసెసర్ దగ్గరికి చేరకముందే అది పైకి లాగేస్తుంది. వేడి గాలి పైకే పోతుంది కాబట్టి పైనంతా ఫ్యాన్లతో నింపాలన్న మాట తరచూ వింటాం. వేడి గాలి పైకి పోవడం నిజమే గాని, ఆ శక్తి చిన్న ఫ్యాన్ తోసే శక్తి ముందు లెక్కలోకి రానంత తక్కువ. ఫ్యాన్ ఎటు తోస్తే గాలి అటే పోతుంది.

ఫ్యాన్‌కు ఏ వైపు ఏదో గుర్తుపట్టడం తేలిక. మధ్యలోని మోటారును పట్టి ఉంచే అడ్డపుల్లలు ఏ వైపు ఉంటాయో ఆ వైపు నుంచి గాలి బయటకు వస్తుంది. రెక్కలు తెరిచి కనిపించే వైపు నుంచి లోపలికి పోతుంది. కొన్ని ఫ్యాన్ల అంచు మీద బాణం గుర్తులు కూడా ఉంటాయి. బిగించాక పలుచని టిష్యూ కాగితం ముక్కను జాలీ దగ్గర పట్టుకొని చూడండి. ముందు జాలీకి అతుక్కోవాలి, వెనుక జాలీ దగ్గర ఎగరాలి. మీరు రాసిన 84 డిగ్రీల గురించి మరొక మాట: ఆ కార్డు 83 డిగ్రీల దగ్గరికి చేరేసరికి తన వేగాన్ని తానే తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, ఆట తడబడడానికి అది ఒక కారణం కావచ్చు. ప్రాసెసర్‌కు 100 డిగ్రీలు హద్దు కనుక 88 దగ్గర అది ఇంకా ప్రమాదంలో లేదు.

ప్రశ్న: మాది అంబాజీపేట. ఇంటికి దగ్గరలోనే పీచు తీసే యూనిట్ ఉంది. నెల తిరిగేసరికి క్యాబినెట్ లోపల గోధుమరంగు నూగు పేరుకుంటోంది. ఫ్యాన్లు ఎక్కువైతే దుమ్ము కూడా ఎక్కువ వస్తుందని మా అన్నయ్య అన్ని ఫ్యాన్లనూ బయటకు ఊదేలా తిప్పేశాడు. ఇది సరైనదేనా?

జవాబు: మీ అన్నయ్యగారి ఉద్దేశం మంచిదే గాని, ఫలితం దానికి సరిగ్గా వ్యతిరేకంగా వస్తుంది. ఫ్యాన్లన్నీ బయటకే ఊదితే లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు క్యాబినెట్‌కు ఉన్న ప్రతి సందులోంచి, కార్డుల వెనుక రంధ్రాల్లోంచి, యూఎస్‌బీ సాకెట్ల పక్క నుంచి, తలుపు అంచుల నుంచి గాలి దూసుకువస్తుంది. ఆ సందులకు ఫిల్టర్లు ఉండవు. వచ్చే గాలి ఎక్కడి నుంచి రావాలో మనం నిర్ణయించగలిగితేనే దానిని వడగట్టగలం. అందుకని లోపలికి తీసుకునే గాలి బయటకు పంపే గాలి కంటే కొంచెం ఎక్కువగా ఉండాలి, తీసుకునే ప్రతి చోటా ఫిల్టరు ఉండాలి. ముందు మూడు ఫ్యాన్లు లోపలికి, వెనుక ఒకటి బయటకు అన్న అమరికలో సందుల్లోంచి గాలి బయటకే పోతుంది, దుమ్ము వాటిగుండా లోపలికి రాదు.

అయితే మీ ఊరి విషయంలో ఒక చిక్కు ఉంది. కొబ్బరి పీచు నూగు మామూలు రోడ్డు దుమ్ములా పొడిగా రాలిపోదు. ఫిల్టరు కళ్లలో పెనవేసుకొని చాపలా అల్లుకుంటుంది. ఫిల్టరు మూసుకుపోయిన కొద్దీ లోపలికి వచ్చే గాలి తగ్గి, బయటకు పోయే గాలి పైచేయి అవుతుంది, మీరు ఎంతో జాగ్రత్తగా చేసిన అమరిక మీకు తెలియకుండానే తలకిందులవుతుంది. కాబట్టి మీరు ఫిల్టరును రెండు వారాలకొకసారి తీయాలి. నైలాన్ జాలీ అయితే కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి ఉండగా పెడితే ఆ తేమ నేరుగా మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు, మీదకు పోతుంది. అందుకే రెండో ఫిల్టరు ఒకటి కొని ఉంచుకోమంటాను, ఒకటి ఆరుతుండగా ఇంకొకటి వాడుకోవచ్చు.

లోపలి శుభ్రం రెండు నెలలకొకసారి చాలు. స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, బ్లోయరుతో ఊదేటప్పుడు ప్రతి ఫ్యాన్ రెక్కనూ వేలితో కదలకుండా పట్టుకోండి. బ్లోయరు గాలికి ఫ్యాన్ దాని హద్దును మించి తిరిగితే బేరింగు చెడుతుంది. మోటారు తిరిగి కరెంటు పుట్టించి మదర్‌బోర్డుకు పంపే అవకాశం కూడా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు రెక్కల మధ్య చిక్కుకున్న పీచును మెత్తని పెయింటు బ్రష్షుతో తీయండి. వెనుక ఖాళీగా ఉన్న కార్డు స్లాట్లకు రేకు ముక్కలు ఉన్నాయో లేదో కూడా చూడండి. వాటిని పారేసిన క్యాబినెట్లలోకి బల్లులు దూరడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. తిరిగే ఫ్యాన్‌లో బల్లి చిక్కుకుంటే అది చావడమే కాక ఫ్యాన్ రెక్క విరిగిపోవచ్చు.

ప్రశ్న: భీమవరం నుంచి రాస్తున్నాను. ఫ్యాన్ల పెట్టెల మీద రకరకాల అంకెలు ఉంటాయి. వాటిలో దేనిని చూసి కొనాలి? 120 మిల్లీమీటర్లదా, 140 దా? వెలుగులు చిమ్మే ఫ్యాన్లు తీసుకోవచ్చా?

జవాబు: రెండు అంకెలను కలిపి చూడాలి. ఒకటి గాలి పరిమాణం, అంటే సీఎఫ్‌ఎం. రెండోది స్టాటిక్ ప్రెషర్, అంటే అడ్డును దాటుకొని గాలిని తోయగల ఒత్తిడి; దీనిని నీటి మిల్లీమీటర్లలో చెబుతారు. ఆర్కటిక్ పీ12 ఫ్యాన్ నిమిషానికి 1800 చుట్ల వద్ద 56.3 సీఎఫ్‌ఎం, 2.2 మిల్లీమీటర్లు, నాక్టువా వారి ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 ఫ్యాన్ 2000 చుట్ల వద్ద 60.1 సీఎఫ్‌ఎం, 2.34 మిల్లీమీటర్లు. రెండూ మంచి ఫ్యాన్లే, అంకెల్లో అట్టే తేడా లేదు; ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది. ఆ అధిక ధరలో ఎక్కువ భాగం నిశ్శబ్దానికి, మన్నికకు చెల్లించేది.

ఈ రెండు అంకెలనూ ఒక ఫ్యాన్ ఒకే సమయంలో ఇవ్వదన్నది మరచిపోవద్దు. సీఎఫ్‌ఎం అంకె ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. ఒత్తిడి అంకె గాలి పూర్తిగా ఆగిపోయినప్పటిది. నిజమైన క్యాబినెట్‌లో ఫ్యాన్ పనిచేసేది ఈ రెండింటి మధ్య ఎక్కడో. ఫిల్టరు, జాలీ, నీటితో చల్లార్చే కూలర్ రేడియేటరు వంటివి ఎదురుగా ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువున్న ఫ్యాన్ గెలుస్తుంది. వెనుకవైపు అడ్డు తక్కువ కనుక అక్కడ ఒత్తిడికి అంత ప్రాముఖ్యం లేదు. మన ప్రాంతంలో ఫిల్టరు లేకుండా కుదరదు కాబట్టి ముందువైపు ఫ్యాన్లకు ఒత్తిడి అంకె చూసే కొనండి. పెట్టె మీద ఆ అంకె అసలు ముద్రించని ఫ్యాన్లను నేను కొననివ్వను. వెలుగుల ఫ్యాన్లు మూడింటిని ఒక సెట్టుగా చౌకగా అమ్మేటప్పుడు తరచుగా కనబడని అంకె అదే. వెలుగులు ఉండడం తప్పు కాదు, మీకు ఇష్టమైతే తీసుకోండి. వెలుగు కోసం గాలిని వదులుకోవద్దనే నా మాట.

140 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు విస్తీర్ణం 120 దాని కంటే దాదాపు 36 శాతం ఎక్కువ. కనుక అంతే గాలిని తక్కువ వేగంతో, తక్కువ మోతతో ఇస్తుంది. మీ క్యాబినెట్‌లో అది పట్టే చోటు ఉంటే అదే తీసుకోండి. కొనే ముందు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి: 120 ఫ్యాన్‌కు 105 మిల్లీమీటర్లు, 140 ఫ్యాన్‌కు 124.5 మిల్లీమీటర్లు ఉండాలి.

బేరింగు మాటకు వస్తే, స్లీవ్ బేరింగు చౌక, కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది. కాని వేడికి అందులోని నూనె ఆరిపోతుంది, క్యాబినెట్ పైభాగంలో పడుకోబెట్టి బిగిస్తే ఇంకా త్వరగా అరుగుతుంది. ఏడాదిలో నాలుగు నెలలు 35 డిగ్రీలు దాటే చోట ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు తీసుకోవడం మంచిది. బాల్ బేరింగు వేడికి బాగా తట్టుకుంటుంది గాని రాత్రి నిశ్శబ్దంలో దాని గరగర వినిపిస్తుంది.

ప్రశ్న: పాలకొల్లు నుంచి. మదర్‌బోర్డు మీద ఫ్యాన్ సాకెట్లు రెండే ఉన్నాయి, నా దగ్గర ఐదు ఫ్యాన్లు ఉన్నాయి. కొన్నింటికి మూడు పిన్నులు, కొన్నింటికి నాలుగు. ఎలా కలపాలి?

జవాబు: మూడు పిన్నుల ఫ్యాన్‌లో ఒకటి గ్రౌండు, ఒకటి 12 వోల్టులు, మూడోది ఎంత వేగంతో తిరుగుతున్నదీ మదర్‌బోర్డుకు చెప్పే తీగ. నాలుగోది వేగాన్ని ఆజ్ఞాపించే తీగ, దీనినే పీడబ్ల్యూఎం అంటారు. మూడు పిన్నుల ఫ్యాన్‌ను నాలుగు పిన్నుల సాకెట్‌లో పెట్టవచ్చు, కాని బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆ సాకెట్‌ను డీసీ పద్ధతికి, అంటే వోల్టులు తగ్గించి వేగం మార్చే పద్ధతికి, మార్చకపోతే ఆ ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. రెండు రకాలనూ ఒకే సాకెట్‌కు కలపవద్దు. మూడు పిన్నులవి ఒక సాకెట్‌కు, నాలుగు పిన్నులవి మరొకదానికి కలపండి.

సాధారణంగా ఒక సాకెట్ 1 ఆంపియరు దాకా, అంటే 12 వాట్లు, ఇవ్వగలదు. మీ మదర్‌బోర్డు పుస్తకంలో నిర్ధారించుకోండి. ప్రతి ఫ్యాన్ వెనుక చీటీ మీద అది తీసుకునే ఆంపియర్లు రాసి ఉంటాయి. 0.2 ఆంపియర్ల ఫ్యాన్లు మూడింటిని స్ప్లిట్టరుతో, అంటే ఒక సాకెట్‌ను కొమ్మలుగా చీల్చే తీగతో, కలిపితే 0.6 అవుతుంది, భయం లేదు. వేగం చెప్పే తీగ మాత్రం ఒక ఫ్యాన్ నుంచే మదర్‌బోర్డుకు వెళ్లాలి; మంచి స్ప్లిట్టర్లలో మిగతా కొమ్మలకు ఆ పిన్ను ఉండదు. ఐదింటినీ కలిపి పెట్టాలనుకుంటే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచి కరెంటు, మదర్‌బోర్డు నుంచి ఆజ్ఞ మాత్రమే తీసుకునే పీడబ్ల్యూఎం హబ్బు కొనండి. ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్‌ను మాత్రం సీపీయూ ఫ్యాన్ అని రాసిన సాకెట్ నుంచి ఎన్నడూ కదల్చవద్దు. అక్కడ ఫ్యాన్ ఆగితే సాధారణంగా మదర్‌బోర్డు హెచ్చరిస్తుంది.

ఒక జాగ్రత్త మనసారా చెబుతున్నాను. వెలుగుల తీగ వేరు, ఫ్యాన్ తీగ వేరు. వెలుగుల్లోనూ రెండు రకాలున్నాయి: మూడు పిన్నుల ఏఆర్‌జీబీ 5 వోల్టులది, నాలుగు పిన్నుల ఆర్‌జీబీ 12 వోల్టులది. మా బంధువులబ్బాయి ఒకడు 5 వోల్టుల తీగను బలవంతంగా 12 వోల్టుల పిన్నులకు తొడిగాడు, స్విచ్ వేసిన క్షణంలోనే మూడు ఫ్యాన్ల వెలుగులూ మాడిపోయాయి. ఆ ఫ్యాన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి, వెలగవు. సాకెట్ పక్కన ముద్రించిన వోల్టులు చదివాకే తీగ పెట్టండి.

ప్రశ్న: నరసాపురం. సముద్రపు గాలికి క్యాబినెట్ స్క్రూలు తుప్పుపడుతున్నాయి. వానాకాలంలో ఫ్యాన్లు తడిగాలిని లోపలికి లాగి బోర్డును పాడుచేస్తాయా? లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టమంటున్నారు.

జవాబు: పనిచేస్తున్న కంప్యూటర్‌కు తడిగాలి వల్ల నీరు పట్టదు. గాలిలోని తేమ నీటిబొట్టుగా మారాలంటే దానికి తగిలే వస్తువు ఆ గాలి కంటే తగినంత చల్లగా ఉండాలి. నడుస్తున్న కంప్యూటర్‌లో ప్రతి భాగమూ గది కంటే వెచ్చగానే ఉంటుంది. సిలికా జెల్ కూడా వ్యర్థమే, ఎందుకంటే నిమిషానికి పదుల ఘనపుటడుగుల గాలి పోయే చోట చిన్న పొట్లం పీల్చేది ఏమీ ఉండదు. మూసిన పెట్టెలో దాచిన పాత కార్డు పక్కన పెట్టుకోండి, అక్కడ పనికొస్తుంది.

నిజమైన అపాయం రెండు చోట్ల ఉంది. మొదటిది, ఉప్పు కలిసిన దుమ్ము. ఉప్పు తేమను తనలోకి లాక్కుంటుంది, తేమ పట్టిన దుమ్ము కరెంటును పారనిస్తుంది, లోహాన్ని తింటుంది. వారాల తరబడి ఆపి ఉంచిన కంప్యూటర్‌లోనే ఇది ఎక్కువ జరుగుతుంది. కాబట్టి వానాకాలంలో ఊరు వెళ్లకపోతే రెండు మూడు రోజులకొకసారి ఒక గంట నడపండి, దుమ్మును నిలవనివ్వకండి. రెండోది ఏసీ. రాత్రంతా 22 డిగ్రీల ఏసీలో ఆపి ఉంచిన కంప్యూటర్ పొద్దున్నకి లోహమంతా చల్లబడి ఉంటుంది. ఏసీ ఆపి కిటికీలు తీసినప్పుడు సముద్రం మీదుగా వచ్చే ఉక్కగాలి ఆ లోహానికి తగిలి చెమర్చవచ్చు, చల్లని మజ్జిగ గ్లాసు చెమర్చినట్టే. అలాంటప్పుడు గంటసేపు ఆగి స్విచ్ వేయండి. తుప్పు పట్టిన స్క్రూలను పళ్లు అరగకముందే మార్చేయండి. ఆలస్యమైతే అవి ఊడిరావు.

ప్రశ్న: రాజమహేంద్రవరం. ఫ్యాన్లు అయిదు నిమిషాలకొకసారి ఒక్కసారిగా హోరెత్తి, మళ్లీ తగ్గుతున్నాయి. బ్రౌజర్ తెరిచినా ఇదే గొడవ. ఏమి చేయాలి?

జవాబు: ఫ్యాన్లలో లోపం లేదు, వాటికి ఇచ్చిన ఆజ్ఞలో ఉంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత చిన్న పనికి కూడా రెండు సెకన్లలో పది పదిహేను డిగ్రీలు ఎగబాకి వెంటనే దిగుతుంది. క్యాబినెట్ ఫ్యాన్లు ఆ ఎగుడుదిగుళ్ల వెంట పరుగెత్తవలసిన అవసరం లేదు. క్యాబినెట్‌లోని గాలి వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. బయోస్‌లో ఫ్యాన్ పేజీకి వెళ్లి, వేగం పెరగడానికి, తగ్గడానికి పట్టే ఆలస్యాన్ని వీలైనంత ఎక్కువ పెట్టండి. తరువాత అదే పేజీలో ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చూపే గీతను సాఫీగా గీయండి. మన వేసవిలో ఖాళీగా ఉన్నప్పుడే ప్రాసెసర్ 50 డిగ్రీల దగ్గర ఉంటుంది, కనుక 55 డిగ్రీల దాకా 40 శాతం వేగం, 70 వద్ద 60 శాతం, 85 వద్ద 90 శాతం చాలు. చలికాలంలో అవే అంకెలను అయిదారు డిగ్రీలు కిందికి జరుపుకోవచ్చు.

వేగం తగ్గించడానికి భయపడవద్దు. వేగాన్ని 20 శాతం తగ్గిస్తే గాలి 20 శాతమే తగ్గుతుంది, ఫ్యాన్ తీసుకునే కరెంటు దాదాపు సగమవుతుంది, మోత సుమారు 5 డెసిబెళ్లు తగ్గుతుంది. ఆ తేడా చెవికి బాగా తెలుస్తుంది.

ఆటల్లో అసలు వేడి గ్రాఫిక్స్ కార్డుది. చాలా బయోస్‌లు కార్డు ఉష్ణోగ్రతను చూడలేవు కనుక, విండోస్‌లో ఉచితంగా దొరికే ఫ్యాన్ కంట్రోల్ ప్రోగ్రాంతో ముందు ఫ్యాన్లను కార్డు ఉష్ణోగ్రతకు ముడిపెట్టండి. అప్పటికీ ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే ఝుమ్మని వినిపిస్తే అది రేకు అదురు. ఆ వేగాన్ని దాటేసేలా గీతను మార్చండి, లేదా స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు పెట్టండి.

ప్రశ్న: తణుకు నుంచి ఒక తల్లిని రాస్తున్నాను. మా అబ్బాయి కంప్యూటర్‌కు ఇంకా ఫ్యాన్లు కావాలంటున్నాడు. కరెంటు బిల్లు పెరుగుతుందా? కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో ఉంటుంది. దుమ్ము పడకుండా దాని మీద దుప్పటి కప్పుతున్నాను. గది మాత్రం పొయ్యిలా ఉంటోంది.

జవాబు: అమ్మా, ఫ్యాన్ల వల్ల బిల్లు పెరుగుతుందన్న భయం అక్కరలేదు. ఒక్కో ఫ్యాన్ రెండు మూడు వాట్లే తీసుకుంటుంది. ఐదు ఫ్యాన్లు రోజుకు నాలుగు గంటల చొప్పున నెలంతా తిరిగినా రెండు యూనిట్లు కూడా కాదు. కంప్యూటరే 300 వాట్లు తీసుకుంటే అదే నాలుగు గంటలకు రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు అవుతుంది. బిల్లు పెంచేది అది.

దుప్పటి మాత్రం ఈరోజే తీసేయండి. స్విచ్ ఆపి, బాగా చల్లారాక కప్పుకోవచ్చు. నడుస్తున్నప్పుడు కప్పితే పైనుంచి పోవలసిన వేడి తిరిగి లోపలికే వస్తుంది. చెక్క అర కూడా అంతే. వెనుక నుంచి వచ్చిన వేడి గాలి అరలోనే తిరిగి, ముందు ఫ్యాన్లు మళ్లీ దానినే పీల్చుకుంటాయి, అలాంటి చోట పది ఫ్యాన్లు పెట్టినా ఒకటే. అర వెనుక చెక్కను తీయించండి, లేదా కంప్యూటర్‌ను బయటకు తెచ్చి నేల మీద కాక జానెడు ఎత్తు పీట మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టించండి. చాలా క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ కింది నుంచి గాలి పీల్చుకుంటుంది కనుక కింద చాప, తివాచీ వంటివి ఉండకూడదు. ఇవన్నీ చేశాక కూడా అబ్బాయికి ఫ్యాన్లు కావాలనిపిస్తే పైన అమలాపురం విద్యార్థికి చెప్పిన పరీక్ష చేసి చూడమనండి.

గది వేడెక్కడంలో ఆశ్చర్యం లేదు. క్యాబినెట్ ఫ్యాన్లు వేడిని తీసేయవు, పెట్టెలోంచి గదిలోకి మారుస్తాయి, అంతే. తలుపులు మూసిన చిన్న గదిలో 300 వాట్ల కంప్యూటర్ నాలుగు గంటలు నడిస్తే, గదిలో ఒక చిన్న హీటరు నాలుగు గంటలు వెలిగినట్టే. సీలింగు ఫ్యాన్ ఆ గాలినే తిప్పుతుంది, బయటకు పంపదు. మధ్యాహ్నం పడమటి వడగాలి కొట్టే వేళ కిటికీ తీస్తే వేడే లోపలికి వస్తుంది కాబట్టి ఆటను సాయంత్రానికి మార్చుకోమనండి. పొద్దుగూకాక బయట గాలి చల్లబడినప్పుడు కిటికీ, దానికి ఎదురుగా ఉన్న తలుపు రెండూ తెరిచి ఉంచండి. వీలైతే కిటికీ పైభాగంలో వంటింటిలో వాడే ఎగ్జాస్టు ఫ్యాన్ ఒకటి పెట్టించండి. క్యాబినెట్‌కు మరో మూడు ఫ్యాన్లు కొనే డబ్బు ఆ ఒక్కదాని మీద పెడితే కంప్యూటర్‌కూ, ఆ గదిలో నిద్రపోయే అబ్బాయికీ చల్లగా ఉంటుంది.